మైకులో చెప్పని ఊరు

"ఈ నంబరు ఎవరికీ చెప్పరాదు" అన్న మాటను మా ఆయన పూటపూటా మైకులో క్యాంపంతటికీ చదివి వినిపించేవారు. ముందు నంబరు, తర్వాత ఆ మాట, ఆ తర్వాత మళ్ళీ నంబరు. ఎవరికైనా వినబడలేదేమోనని ఆయన బెంగ.

పోయినేడు మొదటి పంట కాలం సంగతి ఇది. మాది కురుగోడుకు అవతల కాలవ కింద క్యాంపు. మా మామగారి రోజుల్లో గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ వరి పెట్టిన కుటుంబాలు. ఇంట్లో ఒక మాట, గడప దాటితే బళ్లారి మాట. మా ఆయన నీటి సంఘానికి కార్యదర్శి. పేరు వెంకటరత్నం. ఊరు రత్నప్ప అంటుంది, నేననను. కాలవకు నీళ్ళు వదిలినప్పుడు ఎవరి మడికి ఎప్పుడు పారాలో వరస చెప్పడానికి మా డాబా మీద రెండు హారన్లు కట్టారు. ఇళ్ళు పొలాల మధ్య విసిరేసినట్టు ఎక్కడెక్కడో ఉంటాయి. పిలిచిన వేళకు మనిషి తూము దగ్గర లేకపోతే నీళ్ళు కిందికి పోతాయి, ఇక రావు. అందుకని మైకు.

ఓటీపీ కూడా అంతేనని ఆయన వాదన. కాసేపట్లో అందుకోకపోతే పోతుంది, ఇక రాదు.

ఆ ఓటీపీలన్నీ మా ఇంటికే ఎందుకు వచ్చేవంటే, వెనకటి రోజుల్లో సిగ్నలు మా డాబా మీద ఒక్కచోటే దొరికేది, సెల్లు మా ఆయన దగ్గర ఒక్కరి దగ్గరే ఉండేది. రేషను కార్డుకు, గ్యాసుకు, పింఛనుకు, పొలం పహణీకి, సర్కారు ఏ కాగితానికి ఫోను నంబరు అడిగినా "రత్నప్పది రాసేయప్పా" అనడం అందరికీ అలవాటైపోయింది. తర్వాత ఇంటింటికీ సెల్లులు వచ్చాయి. కాగితాల్లో నంబరు మాత్రం అట్లాగే ఉంది. మార్చాలంటే ఆఫీసుకు పోవాలి, ఆఫీసుకు పోతే ఒకరోజు కూలి పోతుంది. ఆ విధంగా సర్కారు ఎవరికి ఏ కబురు చెప్పాలన్నా అది మా ఆయన చొక్కా జేబులోకే వచ్చి పడేది.

"హలో, హలో. హొన్నూరప్పా, యాడున్నా ఇను. నీ గ్యాసు నంబరు వచ్చింది. ఏడు, రెండు, రెండు, సున్నా. ఈ నంబరు ఎవరికీ చెప్పరాదు అని రాసినారప్పా. మళ్ళీ చెప్తాండా, ఏడు, రెండు, రెండు, సున్నా. పోయిన నెలే కదప్పా సిలిండరు తెచ్చుకునింది, ఇంటికి చుట్టాలొచ్చినారా ఏంది?"

ఆ చివరి మాట మెసేజీలో ఉండదు. అది మా ఆయన సొంతం.

తాయప్పది ఇంకా కష్టం. మా పక్క మడి రైతు, బిడియస్తుడు. పెద్దాసుపత్రిలో మూలవ్యాధికి చూపించుకోవడానికి ఎవరికీ తెలియకుండా పేరు రాయించుకున్నాడు. ఆ టోకెను ఏ విభాగానిదో సహా మైకులో వచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు తాయప్ప ఎదురుపడితే చాలు, మజ్జిగ తాగమనీ కందగడ్డ తినమనీ చెప్పేవాళ్ళే. ఆడవాళ్ళు గట్టుమీద నుంచే కేకేసి అడిగేవాళ్ళు, "ఎట్లుండాదప్పా?" అని. ఆ మనిషి మా ఇంటివైపు చూడడమే మానేశాడు.

"ఆయనకు సిగ్గుగా ఉండదా అండీ?" అని నేనంటే, "రోగానికి సిగ్గేందే? ఇప్పుడు చూడు, ఎంతమంది మందు చెప్తాండారో" అన్నారు. నోట్లో నువ్వుగింజ నానని మనిషని పెళ్ళైన వారంలోనే తెలుసుకున్నాను. చెప్పీ లాభంలేదని ఊరుకున్నాను.

మద్దమ్మ విషయం వచ్చేదాకా.

మద్దమ్మ మా మళ్ళలో నాట్లు వేసే గుంపుకు పెద్ద. భర్త లేడు. ఒక్కతే కూతురు మనోజ్ఞ. చోరనూరు వైపు ఇచ్చింది. అల్లుడు గురునాథ్‌కు సొంత లారీ ఉంది, గనులకు తిప్పుతాడు. మాట మెత్తన, చెయ్యి మాత్రం కాదు. మనోజ్ఞ ఒకసారి తప్పించుకుని చుట్టాలింటికి పోతే వెతికి పట్టుకున్నాడు. ఆ వారమంతా ఆ పిల్ల చేతికి కట్టుతో తిరిగింది. పోయినేడు ఆషాఢంలో సంతకని చెప్పి పాపను చంకనేసుకుని మళ్ళీ బస్సెక్కేసింది. ఈసారి ఏ ఊరు పోయిందో తల్లికి కూడా చెప్పలేదు. గురునాథ్ ఆ ఊరి పేరు కోసమే తిరుగుతున్నాడు. దొరికితే ఏమవుతుందో మా అందరికీ తెలుసు.

నాట్లు ముగింపుకు వచ్చిన రోజుల్లో ఒక పొద్దున నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. మెట్ల కింద గదిలో మా ఆయన మైకు ముందున్నారు. ఫోను టింగుమంది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుంటే మైకులో దగ్గు వినబడుతుంది, ఆ దగ్గు వినబడింది.

"హలో. మద్దమ్మా, ఓ మద్దమ్మా. నీ రేషను కార్డు మీద బియ్యం తీసుకున్యారంటమ్మా. నీ కూతురి పేరు ఆ కార్డులోనే ఉండాది కదా, ఆ యమ్మే ఏలిముద్ర ఏసినట్టుండాది. బియ్యం తీసుకునింది యాడనంటే..."

ఎట్లా దిగానో నాకు తెలియదు. తడి చీర భుజం మీద ఉండగానే గదిలోకి దూకి వైరు పట్టుకుని లాగేశాను. హారను ఒక్క కేక పెట్టి ఆగిపోయింది.

"ఏమే, పిచ్చా? తడి చేత్తో వైరు పట్టుకుంటే షాకు కొట్టదూ?"

"ఊరి పేరు చెప్పకండి."

"ఏ ఊరి..." అని ఆయన ఫోను వైపు చూసి మళ్ళీ చదువుకున్నారు. పెదవులు కదిలాయి, బయటికి మాట రాలేదు. ఆయన అట్లా చదవడం నేనెన్నడూ చూడలేదు.

పెళ్ళైన ఆడపిల్ల పేరు పుట్టింటి కార్డులో ఉండిపోవడం మా దగ్గర వింత కాదు. మనిషి పోతేనే కార్డులో పేరు పోతుంది, అదీ ఆలస్యంగా. ఆ కార్డు మీద ఏ ఊళ్ళో అయినా బియ్యం తీసుకోవచ్చని మనోజ్ఞకు తెలుసు. ఎక్కడ తీసుకుందో సర్కారు మా ఆయనకు చెబుతుందని మాత్రం పాపం తెలియదు.

ఊరి పేరు ఆగింది కానీ, ఊరంటూ ఒకటుందని, అది మా ఆయన ఒక్కరికే తెలుసని క్యాంపంతా విన్నది. ఇక చూడండి. హొన్నూరప్ప వంకాయలు తెచ్చాడు. ఎన్నడూ రాని వాళ్ళు మజ్జిగ అడిగే నెపంతో వచ్చి అరుగు మీద కూర్చున్నారు. "మాకు చెప్పద్దులే రత్నప్పా, ఉత్తరానా దక్షిణమా, అంత చెప్పు చాలు." మా ఆయన తేలుకుట్టిన దొంగలా కూర్చునేవారు. చెప్పకుండా ఉండడం ఆయనకు అలవాటు లేని పని. టీ హోటలుకు పోవడం మానేశారు. కడుపు ఉబ్బరంగా ఉందని వాము నమిలేవారు. ఏ ఊరి పేరు వచ్చినా, చివరికి బస్సు మీద బోర్డు చూసినా ఉలిక్కిపడేవారు.

"ఆ మెసేజీ తీసేయండి" అన్నాను.

"ఎట్ల తీసేది?"

నిజమే, మాకిద్దరికీ తెలియదు. ఎవరినైనా అడగాలంటే ఫోను చేతికివ్వాలి. చేతికిస్తే చూస్తారు. పాముపిల్లను జేబులో పెట్టుకున్నట్టు ఆయన ఆ ఫోనును జేబులో వేసుకుని తిరిగారు. జేబుకు నేనొక గుండీ కుట్టి, కాజా బిగుతుగా పెట్టాను.

"నాకైనా చెప్పకూడదూ?" అని ఒకనాడు అన్నం వడ్డిస్తూ అడిగాను.

"నీకు చెప్తే?"

"నేనెవరికి చెబుతాను?"

"మీ అక్కకు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పూట నెయ్యి వెయ్యలేదు. అక్కకు చెప్పేదాన్నే, అది వేరే సంగతి.

మద్దమ్మ వచ్చింది, వీధి వాకిలి నుంచి కాదు, పెరటి దారిన. నాట్ల బురద కాళ్ళకు అట్లాగే ఉంది. మా ఆయన లేచి లోపలికి పోబోతే, "నిలువు రత్నప్పా" అంది. "ఊరి పేరు నాకు చెప్పద్దు. నీ దండం పెడతా, చెప్పద్దు."

"అడుగుతావేమో అనుకున్యా మద్దమ్మా."

"వాడొచ్చి నన్ను కొడితే నా నోట్లోంచి వచ్చేస్తాది. తెలీకపోతే ఏమొస్తాది? నా బిడ్డ బువ్వ తింటాండాదా లేదా, అంత చెప్పు చాలు."

మా ఆయన జేబు మీద చెయ్యి వేసుకున్నారు. "తింటాండాది. బియ్యం తీసుకునింది" అన్నారు.

మద్దమ్మ కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది. "వచ్చే నెల నాకెట్ల తెలుస్తాది?"

"తెలుస్తాదిలే, పో" అన్నారు. ఆమె పోయాక నేను గేదెలకు గడ్డి వేసే పని కల్పించుకుని కాసేపు ఏడ్చాను.

గురునాథ్ ఆదివారం వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో కురుగోడులో కట్టించిన మరమరాల మండక్కి, మిర్చీ పొట్లం. వంగి మా ఆయన కాళ్ళకు దండం పెట్టాడు. మామా అన్నాడు, అత్తమ్మా అన్నాడు. మంచినీళ్ళు ఇస్తే రెండు చేతులతో తీసుకున్నాడు. పెళ్ళిచూపుల్లో అచ్చం ఇట్లాగే కూర్చుని ఉంటాడు, మద్దమ్మ తప్పేముంది అనిపించింది.

"పాపను చూడాలని ఉండాది మామా. కండ్లల్లోనే ఉండాది బిడ్డ."

"ఉండదా మరి" అన్నారు మా ఆయన.

"యాడుండారో మీకు తెలుసంట కదా."

"నాకేం తెలుస్తాదప్పా? నీళ్ళ వరస చెప్పుకునే వాణ్ణి."

"చెప్పద్దులే మామా, మిమ్మల్ని ఇబ్బంది పెట్టను." అతను నవ్వి తన సెల్లు పైకెత్తి చూపించాడు. "నాది చార్జింగు అయిపోయింది. మీ ఫోను ఒక్క నిమిషం ఇస్తారా? డ్రైవరుకు చెప్పాల."

ఫోను అడిగితే లేదనడం మా క్యాంపులో లేదు. దాహమని వస్తే నీళ్ళు లేవన్నట్టుంటుంది. మా ఆయన "దానికేమప్పా, ఇస్తా" అంటూ లేచారు. అరుగు పక్కనే గేదెల కుడితి గోలెం ఉంది. దూడ తల పెట్టబోతుంటే "హెయ్" అని అదిలించి, దాన్ని పక్కకు నెట్టడానికి గోలెం మీదకు వంగారు. జేబులోంచి ఫోను జారి కుడితిలో పడింది.

"అయ్యయ్యో" అన్నారు.

మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికారు. తవుడు పైకి తేలింది, నిన్నటి గంజి తేలింది, ఫోను మాత్రం తేలలేదు. "దొరకలేదప్పా, నువ్వూ ఒక చెయ్యి పెడతావా?" అని అడిగారు. గురునాథ్ కుడితి వైపు చూశాడు, తన తెల్ల చొక్కా చేతులు చూసుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

"ఈడ కాకపోతే ఆఫీసులో తెలుస్తాదిలే మామా. కంప్యూటర్లో ఉంటాది. ఆడ మనోళ్ళు ఉండారు" అన్నాడు, అదే మెత్తని గొంతుతో. మండక్కి పొట్లం కూడా వెనక్కి తీసుకుపోయాడు.

అతని బండి కాలవ మలుపు తిరిగాక మా ఆయన రెండోసారి చెయ్యి పెట్టి, పెట్టీపెట్టగానే ఫోను బయటికి తీశారు. నల్లగా చచ్చిపోయి ఉంది. నేను ఆయన జేబు చూశాను. ఆ గుండీ దానంతటది ఊడేది కాదు, కుట్టినదాన్ని నాకు తెలియదా. ఏమీ అడగకుండా ఆయన చెయ్యి కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు పోశాను.

సిమ్ము బతికింది. గురునాథ్ మళ్ళీ వస్తాడేమోనని, తుడిచి పోపులపెట్టెలో ఆవాల కింద దాచాను.

మర్నాటి నుంచి క్యాంపు మా మీద పడింది. సర్కారు ధరకు వడ్లు అమ్మాలంటే పేరు నమోదు చేసుకోవాలి. దానికి ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ ఆవాల్లో ఉంది. "కుడితిలో ఎట్ల పడింది?" "కండ్లు కనపడవా?" "వయసయిపోయింది, ఇంకొకరికి ఇయ్యరాదా సంఘం?" హొన్నూరప్ప వంకాయల సంగతి ఎత్తాడు. తాయప్పకు మంచి అదను దొరికింది. మా ఇంటికే వచ్చి, మా మైకే పట్టుకుని, "హలో, రత్నప్ప ఫోను కుడితిలో పడినాది. మళ్ళీ చెప్తాండా, కుడితిలో పడినాది. ఈ సంగతి ఎవరికీ చెప్పరాదు" అని తనివితీరా చదివి పోయాడు. మా ఆయన తల వంచుకుని విన్నారు. ఎందుకు పడిందో ఒక్క మాట చెబితే అందరూ నోరు మూసుకునేవాళ్ళు. చెప్పలేదు.

ఆ వారమే మద్దమ్మను వెంటబెట్టుకుని రేషను కార్డుల ఆఫీసుకు పోయాం. "ఆడ మనోళ్ళు ఉండారు" అన్న మాట ఆయనకు నిద్ర పట్టనివ్వలేదు. ఆఫీసులో కిటికీ ముందు వరస గోడ దాకా ఉంది. లోపలి గుమాస్తా గొంతు మా మైకు కంటే పెద్దది. పేరేంది, మొగుని పేరేంది, వయసెంత, ఆధారు నంబరు చెప్పు, గట్టిగా చెప్పు అని అరుస్తున్నాడు. ఒకామెను "మొగుడు వదిలేసినాడా, నువ్వే వదిలేసినావా?" అని కూడా అడిగాడు. వరసంతా ఆసక్తిగా విన్నది.

మా వంతు వచ్చింది. "మద్దమ్మా? కార్డులో కూతురుండాదే, ఎక్కడుంది? గట్టిగా చెప్పు!"

"మెల్లగా అప్పా" అన్నారు మా ఆయన.

"ఏంది?"

"మెల్లగా మాట్లాడమంటాండా. ఈడుండే వాళ్ళకందరికీ చెవులుండాయి. ఒకరి ఇంటి సంగతి ఇంకొకరి చెవిలో ఎందుకు పోయల్ల?"

నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. మద్దమ్మ కూడా, అంత భయంలోనూ, నా వైపు చూసి పెదవి బిగించింది.

ఆ గొడవకు లోపలి గదిలోంచి ఇన్‌స్పెక్టరమ్మ బయటికి వచ్చింది. బిందుశ్రీ అని బల్ల మీద రాసి ఉంది. చిన్న వయసు. మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, తలుపు వేసి, విన్నది. మా ఆయన జీవితంలో మొదటిసారి గుసగుసగా చెప్పారు.

"మీరు ఈమెకు ఏమవుతారు?" అని అడిగింది.

మా ఆయన ఆలోచించారు. చుట్టం కాదు, కులం కాదు. "నేనా... ఈమె ఫోను నంబరమ్మా" అన్నారు.

ఆ అమ్మాయి నవ్వలేదు. కంప్యూటర్లో ఏదో తీసి చూసి, తెర మా వైపు కనబడకుండా తిప్పుకుంది. "మొగుడొచ్చి అడిగినా, ఎవరొచ్చి అడిగినా చెప్పే హక్కు మాకు లేదు. అది ఆమె సొంత సంగతి" అంది. తర్వాత తలుపు తీసి, గదిలో ఉన్న గుమాస్తాలందరికీ వినబడేలా, ఆ ఆఫీసులో అరవాల్సిన ఒకే ఒక్క మాట అరిచింది. "ఈ కార్డుల్లో ఏది ఎవరు తెరిచి చూసినా వాళ్ళ పేరు పడుతుంది. రోజూ సాయంత్రం నేనే చూస్తాను. పని లేకుండా చూసినవాళ్ళు సంజాయిషీ రాసుకోండి."

మూల కుర్చీలో ఒకాయనకు ఉన్నట్టుండి టీ గుర్తొచ్చి లేచి బయటికి పోయాడు. మా ఆయన, నేను ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

ఆ తర్వాత ఆ అమ్మాయే మనుషుల్ని పంపి మా క్యాంపులో ఒకరోజు కూర్చోబెట్టి, ఎవరి కాగితాలకు వాళ్ళ వాళ్ళ నంబరు ఎక్కించింది. తాయప్ప తన నంబరు ఇవ్వబోతే ఆయన భార్య తన నంబరు ఇచ్చింది. ఇప్పుడు ఆయన ఎక్కడ ఏం చేసినా ఆమెకే తెలుస్తుంది. క్యాంపంతటికీ తెలియడమే నయంగా ఉండిందని ఒకసారి మా ఆయన దగ్గర వాపోయాడు. మద్దమ్మకు ఫోను లేదు. "నాది రత్నప్పదే ఉండనీ" అంది. ఇన్‌స్పెక్టరమ్మ మా ఆయనను ఒకసారి పైనుంచి కిందికి చూసి, ఉండనిచ్చింది.

ఇల్లు బోసిపోయింది. పొద్దున లేస్తే అరుగు నిండా ఉండే జనం లేరు. కొత్త ఫోను కొని సిమ్ము వేసుకున్నా మోగదు. మా ఆయన దాన్ని తుడిచి, చూసి, మళ్ళీ జేబులో పెట్టుకునేవారు. ఆయన అట్లా ఒంటరిగా కూర్చుంటే నాకే దిగులేసింది. సిమ్ము ఆవాల్లో ఉన్న నెల మద్దమ్మకు ఏ కబురూ లేదు. అడగలేదు కూడా. పనికి వచ్చేది, పోయేది. గురునాథ్ ఇంకా వెతుకుతున్నాడని మాత్రం అక్కడా ఇక్కడా విన్నాం.

కోతలు మొదలయ్యాయి. ఆ పొద్దున మద్దమ్మ మా కళ్ళంలో ఆరబోసిన వడ్లను కాళ్ళతో తిరగేస్తోంది. నేను పక్కన చాట పట్టుకుని ఉన్నాను. మైకులో కోత మిషను వరస వినబడుతోంది, ఈ పూట హొన్నూరప్ప మడికి, ఆనక తాయప్ప మడికి అని. మధ్యలో ఫోను టింగుమంది. కళ్ళద్దాల దగ్గు వినబడింది. అలవాటు కొద్దీ నేను వైరు వైపు పరుగెత్తబోయాను.

"హలో" అన్నారు మా ఆయన. "మిషను వరస అయిపోయినాదప్పా. ఇంకొక మాట. అందరూ కడుపునిండా బువ్వ తిన్యాకే పనికి పోండి. మళ్ళీ చెప్తాండా. బువ్వ తిన్యాకే."

"రత్నప్పకు చాదస్తం పట్టినాది" అని గట్టు మీద ఎవరో నవ్వారు.

మద్దమ్మ వడ్ల మధ్యలో నిలబడిపోయింది. కొంగు తీసి ముఖం గట్టిగా తుడుచుకుంది. నా వైపు చూడలేదు. మళ్ళీ కాళ్ళతో వడ్లు తిరగేసుకుంటూ కళ్ళం ఆ చివరిదాకా నడిచిపోయింది.

ఆ రోజు అన్నంలో ఆయనకు నెయ్యి రెండు గరిటెలు ఎక్కువే వేశాను. ఏ ఊరని మాత్రం అడగలేదు.